నాకు పడిన ఇరవై ఆరు ఓట్లు

అమెరికా అధ్యక్ష ఎన్నికలు వచ్చినప్పుడల్లా స్టీల్ ప్లాంటు క్యాంటీన్‌లో నాకు చేతినిండా పని. మూడో అభ్యర్థి ఎప్పుడూ గెలవడు, కానీ ఎవడు గెలవాలో ఒక్కోసారి వాడే తేలుస్తాడని ప్లేట్లో ఇడ్లీ ముక్కలు పేర్చి మరీ చెప్పేవాణ్ణి. వాడి ఓట్లు దూరంగా ఉన్నవాడి దగ్గర్నుంచి రావు, తనకు దగ్గరగా ఉన్నవాడి దగ్గర్నుంచే వస్తాయి. అలా తనకు బొత్తిగా గిట్టనివాణ్ణి తనే గద్దె ఎక్కిస్తాడు. ఇంత తెలిసినవాణ్ణి, కూర్మన్నపాలెంలో మా కాలనీ సంఘం అధ్యక్ష పదవికి మూడోవాడిగా నిలబడ్డాను.

ఆ ఏడాది పోటీ అంతా ఒక ఇస్త్రీ బండి గురించే. కాలనీ గేటు లోపల, వాటర్ ట్యాంకు కింద, పదేళ్లుగా ఒకావిడ బండి పెట్టుకుని బట్టలు ఇస్త్రీ చేసేది. బండి తీసేసి అక్కడ పూలమొక్కలు వేస్తే కాలనీకి అందం వస్తుందంటూ రిటైరైన ఒక పెద్దాయన పోటీకి దిగాడు. ఆయన మీద నా స్నేహితుడు నిలబడ్డాడు. మా ఇద్దరిదీ ఒకే షిఫ్టు, ఒకే బస్సు. బండి ఉండాలన్న విషయంలోనూ ఇద్దరిదీ ఒకటే మాట.

మరి నేనెందుకు నిలబడ్డట్టు? అడిగినవాళ్లందరికీ కాలనీలో రీడింగ్ రూమ్ పెట్టించడం కోసమని చెప్పాను. అది అబద్ధం కాదు కానీ అసలు సంగతి వేరు. వాడు నామినేషన్ వేసిన విషయం నాకు ఎవరో చెబితే తెలిసింది. బస్సులో ఇరవై ఏళ్లుగా పక్కసీట్లో కూర్చునేవాడు నాతో ఒక్కమాటైనా అనలేదు. ఒళ్లు మండింది. మర్నాడే వెళ్లి కాగితం నింపి ఇచ్చేశాను.

ప్రచారానికి తెల్లచొక్కాలు వేసుకుని తిరిగాను. వాటిని ఇస్త్రీ చేసింది ఆవిడే. కాలరు దగ్గర ముడత లేకుండా, వంచితే విరుగుతుందేమో అన్నట్టు చేసి ఇచ్చేది. ఆవిడది మా కాలనీ కాదు, ఓటు లేదు. బండి సంగతి మర్చిపోవద్దని ఒక్కసారి మాత్రం అడిగింది. నేనుండగా నీకేం భయం అన్నాను.

పోలింగుకు రెండు రోజుల ముందు, సాయంత్రం పూట, స్నేహితుడు మా ఇంటికొచ్చాడు. ముందుగా చెప్పకపోవడం తనదే తప్పన్నాడు.

"బావా, నువ్వు గెలవ్వు. నువ్వుంటే నానూ గెలవను. ఆ బండి ఏటవుద్దో ఒక్కపాలి ఆలోసించు. నీ వోళ్లకి నాకెయ్యమని సెప్పు."

ఆ మాట ముందే అడగాల్సింది అన్నాను. కాఫీ కూడా ఇప్పించలేదు. వంటింటి గుమ్మంలోంచి మా ఆవిడ నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

ఆదివారం మధ్యాహ్నం కమ్యూనిటీ హాల్లో లెక్కింపు. పెద్దాయనకు నూట పన్నెండు. నా స్నేహితుడికి తొంభై ఎనిమిది. నాకు ఇరవై ఆరు. నిజం చెప్పొద్దూ, నా అంకె చదవగానే ముందు సంతోషమే వేసింది. నన్ను కావాలనుకున్నవాళ్లు ఇరవై ఆరుగురు ఉన్నారా అనుకున్నాను. ఆ తర్వాతే వాడి అంకెకు నాది కలిపి చూసుకున్నాను. పక్కకు తిరిగితే వాడూ అదే కూడుతున్నట్టున్నాడు. కుర్చీ మడిచి గోడకు ఆనించి వెళ్లిపోయాడు.

నెల తిరక్కుండా బండి తీసేయమన్నారు. పెద్దాయన్ని తప్పుపట్టలేను, చెప్పే గెలిచాడు, చెప్పిందే చేశాడు. బతిమాలదామని వాళ్లింటికి వెళితే కూర్చోబెట్టి టీ ఇచ్చాడు. మీరు చేసిన మేలు మర్చిపోనండీ అన్నాడు. ఆ టీ ఎలా తాగానో నాకే తెలియదు.

ఆవిడ ఇప్పుడు హైవే అవతల, టైర్ల షాపు పక్కన బండి పెట్టుకుంది. లారీ పోయినప్పుడల్లా దుమ్ము పడకుండా ఇస్త్రీ చేసిన బట్టల మీద పాత చీర కప్పుతుంది. అంతదూరం మోసుకెళ్లడం ఎందుకని కాలనీలో చాలామంది బట్టలివ్వడం మానేశారు. నేను స్కూటరు మీద మూట పెట్టుకుని వెళ్తాను. మొదటిసారి వెళ్లినప్పుడు తప్పు నాదేనని చెప్పేయాలనుకున్నాను. మూట విప్పి చొక్కాలు లెక్కపెట్టాను. చొక్కా మడతపెడుతూ ఆవిడే మాట్లాడింది.

"మీరూ ఓడిపోయారంట కదా బాబూ, పాపం. మల్లీ నిలబడినప్పుడు సెప్పండి. సొక్కాలు నానే సేసిత్తాను."

ఆ కూడిక ఆవిడకు ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు.