మూల దాటేదాకా

ఆ మధ్యాహ్నం మాదాపూర్ సిగ్నల్ దగ్గర మా బస్సు ఎంతకీ కదల్లేదు. ఆసుపత్రి ఎదురుగానే కనిపిస్తోంది. నా పక్క సీట్లో ఒక నిండు గర్భిణి కళ్లు గట్టిగా మూసుకుని, ముందున్న కడ్డీని రెండు చేతులా పట్టుకుని కూర్చుంది.

"అక్కా, టైమెంత?"

"మూడు దాటింది. నొప్పులా? దిగుదాం పద."

"ఇప్పుడే వద్దక్కా. నాలుగు దాటాలె, అప్పటిదాక మూలా నక్షత్రమే. అండ్ల పుడితే తండ్రికి గండమంట. మా ఆయన గీ బిల్డింగులకు తాడు మీద వేలాడుకుంట అద్దాలు తుడుస్తడు. పోయిన జన్మల ఏం పాపం చేసిన్నో, నొప్పులు ఇయ్యాల్నే రావాల్నా?"

మళ్లీ మెలికలు తిరిగిపోయింది. గొంతు మాత్రం పెగలనివ్వలేదు. కొరికిన పెదవి మీద రక్తం. నాకు ఒళ్లు మండింది, భయమూ వేసింది.

"అక్కా, టైం?"

ఫోన్ చూశాను. నాలుగుకి ఇంకా చాలాసేపుంది.

"నాలుగు దాటిందమ్మా," అన్నాను.

కడ్డీ వదిలేసి, అంతసేపూ బిగబట్టిన కేక ఒక్కసారిగా పెట్టింది. కండక్టరూ నేనూ పట్టుకుని బస్సు దింపి, ఆసుపత్రి లోపలికి చేర్చాం. తర్వాత ఏమైందో నాకు తెలియదు.

నక్షత్రాల మీద నాకు నమ్మకం లేదు. కానీ మా ఆఫీసు అద్దం బయట తాడు మీద ఎవరైనా దిగుతుంటే, అతని కాళ్లు నేలకు ఆనేదాకా కుర్చీలో కూర్చోలేను.