నామం తెగిన రోజు

దత్తాత్రేయులు మాస్టారికి "కాదు", "కుదరదు" అనే మాటలకు నోరు తిరగదు. హైస్కూల్లో రిటైరయ్యేదాకా తెలుగు పాఠాలు చెప్పిన మనిషికి అంత చిన్న మాటలు రాకపోవడమేమిటని మీరనుకోవచ్చు. ఆయన భార్య రాజరాజేశ్వరిగారిని అడగండి. "పెళ్ళిచూపులనాడు ఉప్మాలో ఉప్పు సరిపోయిందా బాబూ అని మా అమ్మ అడిగితే, సరిపోయిందండీ అన్నారు. ఉప్పు వెయ్యడమే మర్చిపోయింది మా అమ్మ" అంటారావిడ. ఆ మాటతో అత్తగారి మనసు గెలిచారు గానీ, పండక్కి వెళ్ళినప్పుడల్లా మళ్ళీ అదే ఉప్మా తినాల్సి వచ్చింది.

అలాంటి మనిషికి మా మండవల్లి రామనామ సమాజం తన చరిత్ర రాసే పని అప్పగించింది. మా గురించి తెలియనివారికి ఒక మాట చెప్పాలి. ఏటా కార్తీకమాసంలో మేం సప్తాహం చేస్తాం. ఏడు రోజులు, రాత్రనక పగలనక, రామనామం ఆగకూడదు. ఒక జట్టు అలిసేలోపు ఇంకో జట్టు వచ్చి తాళాలు అందుకోవాలి. సమాజం పుట్టినప్పటి నుంచి నామం ఒక్కసారి కూడా తెగలేదన్నది మా గొప్ప. పొరుగూరి మనిషి ఎరువుల ధర అడిగినా సరే, ఈ సంగతి చెప్పకుండా పంపించం.

అధ్యక్షులు శ్రీరంగనాయకులుగారిది బజారులో కిరాణా దుకాణం. ఆయనకు ముందు వాళ్ళ నాన్నగారే అధ్యక్షులు. "పుస్తకానికి 'తెగని నామం' అని పేరు పెట్టేశానండీ. అట్ట కూడా ప్రింటయిపోయింది. లోపల విషయం మీరు రాసేస్తే సరిపోతుంది" అన్నారాయన. మాస్టారు సరేనండీ అన్నారు.

రాసిన అధ్యాయాన్ని ప్రతి శనివారం భజన అయ్యాక చదివి వినిపించాలని నియమం పెట్టుకున్నాం. మా వాళ్ళకు కూర్చుని వినడమంటే పురాణమే. అందుకని ఎక్కడి నుంచో వ్యాసపీఠం వచ్చింది. దాని మీద మాస్టారి కంప్యూటర్ కాగితాలు ఎక్కాయి. తరువాతి వారం వాటికి పూలదండ పడింది. ఆపైన అధ్యాయం ముగియగానే హారతి మొదలైంది. హారతి కళ్ళకద్దుకుని, పులిహోర తింటూ ఒక్కొక్కరే మాస్టారి దగ్గరకు జరిగేవారు. "మొదటి సప్తాహంలో మా తాతగారు కూడా ఉన్నారండీ." మాస్టారు సరేనండీ అనేవారు. అలా మొదటి సప్తాహం నాటి తాటాకు పందిట్లో జనం పెరుగుతూ పోయారు. అప్పటికింకా పుట్టని తాతగారు కూడా ఒకాయన మృదంగం వాయించేశారు. నేను అడ్డు చెప్పలేదు. ఆయన మా తాతగారే.

ఇంతలో కొల్లేరు పొంగిన ఏడాది అధ్యాయం వచ్చింది. ఆ కార్తీకంలో తుపాను పట్టి, నీళ్ళు ఊళ్ళోకి వచ్చేసి, జట్లు మండపానికి చేరలేకపోయాయి. అధ్యక్షులుగారి దుకాణంలో గుమస్తా తాతారావుగారు ఒక్కరే లోపల చిక్కుకుపోయి, రాత్రంతా ఒంటరిగా నామం చెప్పారు. మర్నాడు అధ్యక్షులుగారి నాన్నగారు పడవ మీద వచ్చి అందుకునేదాకా నామం తెగలేదు. మాస్టారు గొంతు పెంచి మరీ చదివారు. చాలామంది కళ్ళు తుడుచుకున్నారు. హారతి ఆ రోజు రెండుసార్లు ఇచ్చారు.

మర్నాడు పొద్దున్నే తాతారావుగారి భార్య లక్ష్మీకాంతమ్మగారు మాస్టారింటికి వచ్చారు. తాతారావుగారు పోయి రెండేళ్ళవుతోంది. ప్రూఫులు చూసే వంకతో నేనూ అక్కడే టిఫిన్ చేస్తున్నాను. ఆవిడ కాఫీ వద్దన్నారు. మా వైపు కాఫీ వద్దన్నారంటే విషయం పెద్దదే.

"మాస్టారూ, ఆ రోజు నామం తెగిందండీ" అన్నారు.

మాస్టారు అలవాటు కొద్దీ సరేనండీ అనేసి, ఆ తరువాత ఉలిక్కిపడ్డారు.

"మా ఆయన గొంతు పోయేదాకా చెప్పారండీ. మధ్యాహ్నానికి కూర్చున్నచోటే నిద్రపోయారు. లేచేసరికి అధ్యక్షులుగారి నాన్నగారు పక్కన కూర్చుని నామం చెబుతున్నారట. తరవాత వచ్చినవాళ్ళందరితో, నేను వచ్చేసరికి తాతారావు చెబుతూనే ఉన్నాడు అన్నారట. పెద్దాయన మాట కాదని ఈయన ఏం మాట్లాడతారు? ఇహ మళ్ళీ తాళాలు ముట్టుకోలేదు. సప్తాహం వచ్చిందంటే ఏలూరు వెళ్ళి మా ఆడపడుచు ఇంట్లో కూర్చునేవారు."

తాతారావుగారికి భక్తి తగ్గిందని, కాదు పదవి ఇవ్వలేదని అలిగారని, ఊళ్ళో రకరకాలుగా అనుకునేవారు.

"ఎవరితోనైనా చెప్పుకోవలసింది కదమ్మా" అన్నారు మాస్టారు.

"ఎలా చెప్పుకుంటారండీ? తెగిందని నలుగురూ ఒప్పుకుంటే కదా ఆయన్ని క్షమించేది? అసలు తెగనేలేదని ఊరంతా సంబరపడుతుంటే, ఆయన ఎవరి దగ్గరకెళ్ళి ఏమని అడుగుతారు? లోపల్లోపలే కుమిలిపోయారు. తెగిందని రాయండి మాస్టారూ. మా ఆయన పేరు పెట్టే రాయండి."

నేను ఇడ్లీ ప్లేటు పక్కన పెట్టేశాను.

అధ్యక్షులుగారికీ, ఈవిడకీ ఇద్దరికీ సరేనండీ అనడం కుదరని చోట మాస్టారు జీవితంలో మొదటిసారి ఇరుక్కున్నారు. అన్నం దగ్గర కూడా పరధ్యానమే. "ఎవరో ఒకరికి కుదరదని చెప్పక తప్పదు. అద్దం ముందు నిలబడి అలవాటు చేసుకోండి" అన్నారు రాజరాజేశ్వరిగారు. చేసుకునే ఉంటారని నా అనుమానం.

శనివారం మాస్టారు వ్యాసపీఠం ముందు కూర్చుని, "పోయినవారం అధ్యాయంలో ఒక తప్పు దొర్లిందండీ" అన్నారు. తాతారావుగారు నిద్రపోయిన సంగతి, ఆ మధ్యాహ్నం నామం తెగిన సంగతి ఉన్నదున్నట్టు చదివేశారు. మండపం గోలెత్తిపోయింది.

"హారతి ఇచ్చిన అధ్యాయాన్ని ఎలా కొట్టేస్తారండీ?" అంటూ శ్రీరంగనాయకులుగారు లేచారు. "పైగా అట్ట అయిపోయింది. ఆ నాలుగు మాటలూ తీసెయ్యండి మాస్టారూ."

మాస్టారు కాగితాలు సర్దుకున్నారు. "కుదరదండీ" అన్నారు. గొంతు కీచుగా వచ్చింది గానీ మాట మాత్రం వచ్చింది. రాజరాజేశ్వరిగారు ఆడవాళ్ళ వైపు నుంచి మెడ చాచి చూశారు.

శ్రీరంగనాయకులుగారి ముఖం ఎర్రబడింది. ఆయన బాధ అట్ట గురించి కాదని అప్పుడర్థమైంది. "అయితే రాయండి. మా నాన్నగారు ఇంతమందికి అబద్ధం చెప్పారని అది కూడా రాయండి" అన్నారు.

"అబద్ధమనకండి బాబూ" అంటూ లక్ష్మీకాంతమ్మగారు లేచి నిలబడ్డారు. "మా ఆయన లేచేసరికి ఒంటి మీద మీ నాన్నగారి కండువా ఉందటండీ. పడవలో తడిసిపోయి వచ్చిన మనిషి, మూటలో పొడిగా దాచుకున్న ఒక్క గుడ్డా తీసి ఈయనకి కప్పారు. నిద్ర చెడకుండా మెల్లిగా నామం ఎత్తుకున్నారట. ఆ కండువా తలుచుకుని ఈయన ఎన్నిసార్లు ఏడ్చారో. నా కోరికల్లా ఒకటే, అది కూడా రాయమనండి."

శ్రీరంగనాయకులుగారు మెల్లిగా ఆవిడ ముందుకు వచ్చి చేతులు జోడించారు.

"రాత్రంతా ఒక్కరే చెప్పిన మనిషి. నిద్ర రాదా అమ్మా?" అన్నారు.

ఆ మాట వినవలసిన మనిషి లేరు. ఆయన బదులు లక్ష్మీకాంతమ్మగారే విని, కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని, అందరి ముందూ ఏడ్చేశారు.