నల్లా పాట షాలేము

షాలేము నవ్వని మనిషేం కాదు. గిటారు చేతిలో ఉన్నంతసేపు మాత్రం నవ్వడు. భివండి కామత్‌ఘర్ సందుల్లో పుట్టి, మరాఠీ బడిలో పదో తరగతి దాకా చదివి, కాల్హేర్ గోదాములో పెట్టెల మీది చీటీలు స్కాన్ చేసుకుంటూ బతికే ఇరవై నాలుగేళ్లవాడికి అంత బిగింపు ఎందుకని అడిగితే, వాడి దగ్గర జవాబు తయారుగా ఉండేది: "ఈడ అందరు నవ్వి నవ్వే గిట్లయిన్రు."

వాడి బ్యాండు పేరు 'కండె'. మగ్గం మీద అటూ ఇటూ పరిగెత్తే నాడెలో పెట్టే దారపు పుల్ల అది. దారం అయిపోగానే తీసి పారేస్తారు. గిటారు, గొంతు షాలేమువి. డ్రమ్ములు సాగర్‌వి. బేస్ గిటారు ముఖేష్‌ది. పాటల్ని ఫోనులోకెక్కించి లోకానికి పంపడం కూడా అతని పనే. ముగ్గురి తండ్రులూ సాంచెలు నడిపినవాళ్లు. మరమగ్గాన్ని తెలంగాణ నుంచి వచ్చినవాళ్లు ఇప్పటికీ సాంచె అనే అంటారు. అవి నడుస్తుండగా ఆ పేటలో పాట రికార్డు చేయడమంటే వానలో పొయ్యి ముట్టించడమే. అందుకని సాంచెలకు సెలవుండే శుక్రవారం, సేఠ్‌ను బతిమాలుకొని, షాలేము తండ్రి పనిచేసే షెడ్డులోనే ఆగిన మగ్గాల మధ్య నిలబడి వాయించుకునేవారు.

రెండేళ్లలో తొమ్మిది పాటలు చేశారు. తొమ్మిదీ బరువైనవే. చివరిదాని పేరు 'నాయిన చెవులు'. షాలేము తండ్రి అబ్రహాము ముప్పై యేళ్లు సాంచెల మధ్య నిలబడి ఎడమ చెవి పూర్తిగా, కుడి చెవి ముప్పాతిక భాగం పోగొట్టుకున్నాడు. ఇప్పటికీ ఆ సాంచెలే నడుపుతున్నాడు. పోవడానికి ఇంకేం మిగిలిందని మానాలి?

నీ చెవులు మిషిను తిన్నది నాయినా,
నా నోరు ఎవరు తిన్నరు?

ఈ రెండు ముక్కల కోసం షాలేము నాలుగు నెలలు తిరిగాడు. పాటను నూట పన్నెండు సార్లు విన్నట్టు ఫోను చూపించింది. అందులో ఇరవై సార్లు ముఖేషే.

తృప్తి లేక దాన్నే మళ్లీ రికార్డు చేస్తున్న ఒక శుక్రవారం, సరిగ్గా చరణం మధ్యలో, షెడ్డు తలుపు దగ్గర షాలేము తల్లి శారమ్మ గొంతు ఖంగుమంది.

"ఓరి షాలేమూ! నల్లా వచ్చిందిరో! బిందెలు ఎవడు వడ్తడు, నీ తాత వడ్తడా? పక్కింటోడు అప్పుడే పైపు ఏసిండు!"

సాంచెల మోతలో కాపురం చేసిన ఆడవాళ్లకు మెల్లగా మాట్లాడ్డం రాదు. సాగర్ పడీపడీ నవ్వి, ఆ అరుపు నడకకే డ్రమ్ము కొట్టాడు. పాట చెడిన కోపంలో షాలేము తల్లి మాటల్నే అందుకుని, గొంతు చీల్చుకుంటూ, లోకం మునిగిపోతున్నట్టు పాడాడు: "పక్కింటోడు... పైపు ఏసిండూ...!" రెండు నిమిషాలు. తర్వాత ముగ్గురూ నేల మీద కూలబడి కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వారు. గిటారు చేతిలో ఉండగా షాలేము నవ్వింది ఆ ఒక్కసారే.

"ఇది ఎవలకు పంపకు," అన్నాడు ముఖేష్‌తో.

ముఖేష్ పంపాడు, శారమ్మ అరుపుతో సహా. నెల తిరిగేసరికి పదకొండు లక్షల మంది విన్నారు.

ఎక్కడెక్కడి దేశాల బ్యాండ్ల గురించో షాలేము ఫోనులో చదివినవాడు. చావు మీద, యుద్ధం మీద పాడే పెద్దపెద్దవాళ్లు కూడా ఎప్పుడో ఒకనాడు పిల్లల పాటో, సబ్బు ప్రకటనో ఎత్తుకుని అల్లరి చేస్తారని వాడికి తెలుసు. వాళ్లకది ఒక పూట సెలవు. మర్నాడు మళ్లీ వాళ్ల పాట వాళ్లకుంటుంది. షాలేముకు ఆ మర్నాడు రాలేదు.

గోదాములో సూపర్‌వైజర్ వాణ్ని పేరు పెట్టి పిలవడం మానేశాడు. "అరే నల్లా, పానీ ఆయా క్యా?" అని నీళ్ల సంగతి అడిగేవాడు. షేర్ ఆటోలో ముక్కూమొహం తెలియనివాళ్లు "ఏక్ బార్ భాయ్, పైప్‌వాలా" అని, ఒక్కసారి పాడమని మోకాలు తట్టేవారు. శారమ్మ మాత్రం చర్చిలో రెండు వారాలు తలెత్తలేదు. తర్వాత పాస్టరమ్మే వచ్చి, "అక్కా, మీ గొంతు మంచిగున్నది" అన్నాక తలెత్తింది. ముఖేష్ కొత్త జాబితా తెచ్చాడు: కుక్కరు సీటీ పాట, చెత్త ఎత్తే గంటా గాడీ పాట, మామ గురక పాట.

"చెవుల పాట ఎవడు ఇంటడు రా? ఏడ్చెతందుకు ఇంట్ల జాగ లేదా వాళ్లకు?" అన్నాడు.

అప్పుడే తెలుగు సమాజం వార్షికోత్సవం వచ్చింది. దాన్ని నడిపే నర్సింగం కిరాణా కొట్టు మూసి మరీ ఇంటికొచ్చాడు.

"బిడ్డా, శుక్రారం పొద్దుమీకి నాలుగ్గంటలకు నీ నల్లా వెట్టాలె. ఎనిమిది వందల మంది వస్తరు."

"పెడత కాకా. గని ముందుగాల నా పాట ఒకటి పాడ్త. 'నాయిన చెవులు'. గదానికి ఒప్పుకుంటెనే."

"ఏ పాటనన్న పాడు, నాదేం పోయింది? నల్లా మాత్రం ఇప్పాలె."

షాలేము లెక్క వేరే. తండ్రికి పాట వినపడదు, ఆ సంగతి తెలుసు. కానీ మోతలో బతికినవాళ్లు ముఖాల్ని చదువుతారు. షెడ్డులో సేఠ్ తిట్టినా, పక్క మగ్గంవాడు పిలిచినా, వాళ్లు చూసేది ముఖమే. ఎదుటి ముఖం ఎట్లా ఉంటే అట్లా జవాబిస్తారు. ఎనిమిది వందల మంది తన పాటకు మౌనంగా కూర్చుంటే, ఆ ముఖాల్లో నాయిన తన పాటను చదువుకుంటాడు. అంతే కావాలి. ఒక్కసారి. ఆ తర్వాత జన్మంతా కుక్కరు సీటీలు పాడమన్నా పాడతాడు.

శుక్రవారం హాలు నిండింది. ముందు వరసల్లో ముసలి కార్మికులు, అబ్రహాము వాళ్ల మధ్య, తెల్ల చొక్కాలో. వెనక అంతా కుర్రకారు. షాలేము మైకు దగ్గరికి వచ్చి, "ఇది మా నాయిన పాట" అన్నాడు. వెనక నుంచి ఎవడో "మీ అమ్మ పాట యాడ?" అని అరిచాడు. నవ్వులు.

సాగర్ కర్రలెత్తాడు. షాలేము తనకొచ్చిన ఒకే ఒక్క గొంతుతో, నల్లా పాట పాడిన ఆ గొంతుతోనే, మొదలుపెట్టాడు.

"నీ చెవులు... మిషిను తిన్నదీ...!"

వెనక వరసలు పగలబడ్డాయి. ఆ గొంతు వింటే నవ్వాలని వాళ్లకు నెల రోజుల నుంచి అలవాటైపోయింది. నవ్వు వెనక నుంచి ముందుకు వరసవరసగా పాకింది. చెవులు పోయిన ముసలివాళ్లు తలలు తిప్పి వెనక్కి చూశారు, అక్కడ నవ్వే ముఖాలు కనపడ్డాయి, వాళ్లూ నవ్వారు. అబ్రహాము పక్కాయన తొడ చరిచాడు. నా కొడుకే అన్నట్టు వేలు చూపించాడు. చేతులెత్తి చప్పట్లు కొట్టాడు.

షాలేము పాట ఆపేయొచ్చు. నవ్వేవాళ్ల మీద అరవొచ్చు. అరిస్తే నాయిన ముఖం మీది ఆ వెలుగు ఏమవుతుందో వాడికి కనపడింది. తప్పుగా నవ్వానని ఎనిమిది వందల మంది మధ్య ఆయనకు తెలుస్తుంది.

రెండో చరణంలో షాలేము రెండు చేతులతో తన చెవులు పట్టుకుని, బడిపిల్లాడిలా గుంజీ తీశాడు. నాలుక బయటపెట్టాడు. హాలు దద్దరిల్లింది. నాలుగు నెలలు తిరిగి దొరికించుకున్న మాటల్ని కోతిలా ఎగురుతూ చివరి ముక్క దాకా పాడాడు. నర్సింగం తెర పక్క నుంచి కేకేశాడు: "ఇది గూడ నల్లాసొంటిదే ఉన్నదిరా! ముందుగాల చెప్పవైతివి!" ముఖేష్ అప్పటికే బేస్ గిటారు దించి ఫోను చూసుకుంటున్నాడు.

నల్లా కూడా అయ్యాక తల్లీ తండ్రీ కొడుకూ ఇంటికి నడిచే బయల్దేరారు. శారమ్మ హాల్లో నవ్వలేదు. అబ్రహాముకు హుషారు ఆగడం లేదు.

"కొత్త పాట దుమ్ము లేపింది గదరా. దేని మీద రాసినవ్?" అని పెద్దగా అడిగాడు.

షాలేము గిటారును ఒక భుజం మీంచి ఇంకో భుజానికి మార్చుకున్నాడు. శారమ్మ నిలబడి, భర్త ముఖానికి ఎదురుగా తన ముఖం పెట్టి, పెదాలతో ఒక్కో మాటా విడదీసి చెప్పింది: "నీ. చెవుల. మీద."

అబ్రహాము ఆమె పెదాల్ని కాసేపు చూశాడు. కుడి చెవి మీద చెయ్యి వేసుకున్నాడు.

"నా చెవుల మీద గింత నవ్వున్నదా?"

ఆయన రెండడుగులు వేసి, కొడుకు భుజం తట్టాడు.

"పాడు మరి. వచ్చేసారి గూడ పాడు. నవ్వనీ."

షాలేము ముఖం రోడ్డు వైపు తిప్పుకున్నాడు, ఆయన చదవకుండా.