బావ అడిగిన పచ్చ తీగ

మా అక్క మొగుణ్ణి అందరూ వెనకాల డౌటు మేస్త్రి అంటారు. నాకు వరసకు బావ కాబట్టి మొహం మీదే అంటాను. ముప్పై ఏళ్ళుగా గ్యాస్ హీటర్లు బిగించే పని ఆయనది. చలికాలంలో ఇళ్ళకూ దుకాణాలకూ వేడిగాలి ఇచ్చే నిలువెత్తు హీటర్లు. పనిమంతుడే, కాదనను. కానీ ఆ మనిషితో ఒక పూట గడపడమంటే పోలీసు స్టేషన్లో గడిపినట్టే.

తాళం వేసి మూడుసార్లు లాగి చూస్తాడు. నాలుగడుగులు వేసి వెనక్కి వచ్చి నాలుగోసారి లాగుతాడు. పాల ప్యాకెట్ మీద తేదీ ఉన్నా వాసన చూడనిదే గిన్నెలో పొయ్యనివ్వడు. రాంగ్ నంబర్ అని పెట్టేసినవాడికి తిరిగి ఫోన్ చేసి, నా నంబర్ నీకెవరిచ్చారని నిలదీస్తాడు. ఆయన పనిపెట్టెకు రెండు తాళాలు. రెండింటి చెవులూ మొలతాడుకే. ఆ పెట్టెను మా అక్క కూడా ముట్టుకోకూడదు.

పెళ్ళైన కొత్తలో ఆయన అక్కను పచ్చ కర్టెన్లు తెమ్మన్నాడు. మా పుట్టింట్లో పచ్చ అంటే నిమ్మపండు రంగు. ఆకు రంగు కావాలంటే ఆకుపచ్చ అని పూర్తిగా అంటాం. అక్క బుద్ధిగా నిమ్మపండు రంగువి తెచ్చింది. నా మాటంటే లెక్కలేదని చూపించడానికే తెచ్చావని బావ వారం రోజులు సాధించాడు. కామెర్లొస్తే ఒంటికి పట్టేది ఏ పచ్చ అని అక్క అడిగితే, ఈ మాట నీకెవరు నేర్పారని దానికీ ఆరా తీశాడట. ఆ కథ తల్చుకుని మేమిద్దరం ఇప్పటికీ నవ్వుకుంటాం.

ఈ చలికాలం మాత్రం నవ్వే పరిస్థితి లేదు. బావ బిగించి వచ్చిన రెండిళ్ళ నుంచి కంపెనీకి ఫిర్యాదులు వెళ్ళాయి. వెలిగిన హీటరు వెంటనే ఆరిపోతోందని. మూడోది వస్తే మేస్త్రి పని మాన్పించి స్టోరు గదిలో కూర్చోబెడతామని కంపెనీ కాగితం పంపింది. అంటే పొద్దున్నుంచి సాయంత్రం దాకా బోల్టులు సర్దుకుంటూ కూర్చోవడమే. ఆ కాగితం వచ్చిన రోజు బావ అన్నం ముట్టలేదని అక్క ఫోన్లో ఏడ్చింది.

తన చేతి పనిలో తప్పుండొచ్చని ఆయనకు కలలో కూడా తోచదు. ఎవరో చెడగొడుతున్నారు. ఆ ఎవరో ఎవరన్నది కూడా ఆయనకు ఖాయం. అదే కంపెనీలో ఇంకో మెకానిక్ ఉన్నాడు. పని చేస్తున్నంతసేపూ ఈల వేస్తుంటాడు కాబట్టి అందరూ అతన్ని ఈల అనే పిలుస్తారు. బావ వెళ్ళొచ్చిన రెండిళ్ళకూ తర్వాత ఈల వెళ్ళాడు. ఆ సంగతి ఆ ఇళ్ళవాళ్ళే చెప్పారు. ఇంకేం కావాలి? తన చోటు కొట్టెయ్యడానికే వాడు తీగలు పీకేసి వస్తున్నాడని బావ తేల్చేశాడు. నిజం చెప్పాలంటే నాకూ అలాగే అనిపించింది. ఎప్పుడూ ఈల వేసేవాణ్ణి నేనూ పూర్తిగా నమ్మలేను.

అలాంటి సమయంలో నా హీటరే పాడైంది. నాది కుట్టుపని. పొడవాటి హాలు, ఐదు మిషన్లు, నాతో కలిపి ఐదుగురు ఆడవాళ్ళం. హాలు చివర రేకు తలుపున్న చిన్న అరలో హీటరు ఉంటుంది. అందులో మంట వెలిగించే ఇగ్నిషన్ పెట్టె కాలిపోయింది, దాని తీగల కట్ట కూడా మాడిపోయింది. రెండూ కొత్తవి వెయ్యాలి. కంపెనీ బావనే పంపింది. సాయంత్రం నాలుగింటికి తనిఖీ మేడమ్ వచ్చి చూస్తుందని కూడా చెప్పింది. ఇది చెడితే అదే మూడో ఫిర్యాదు.

బావ ఉదయం పదింటికి వచ్చాడు. పలకరింపు లేదు. నిన్నటి నుంచి ఈ అర దగ్గరికి ఎవరెవరు వచ్చారని అడిగాడు. ఇంటి ఓనరు తొంగిచూసి వెళ్ళాడన్నాను. ఎంతసేపు చూశాడు, చేతిలో ఏముంది అని ఆరా. గుండీలు కుట్టే పిన్ని నవ్వు ఆపుకోలేక దగ్గింది. ఆవిడ వైపు కూడా ఒక చూపు పడింది. నేను టీ కప్పు అందిస్తే చెయ్యి గాలిలో కాస్త తడుముకుని పట్టుకున్నాడు. నా టీని కూడా అనుమానిస్తున్నాడని ఒళ్ళు మండింది.

పనిలో మాత్రం పద్ధతి తప్పడు. ముందు గ్యాస్ కట్టేశాడు. తర్వాత కరెంటు. కట్టేశాక కూడా మీటరు పెట్టి కరెంటు లేదని చూసుకున్నాడు. పాత పెట్టె విప్పి కొత్తది నాలుగు మరలతో బిగించాడు. కొత్త తీగల కట్ట విప్పుతూ, అది ఎలా పనిచేస్తుందో నాకు చెప్పాడు. పని గురించి చెప్పేటప్పుడు మనిషి కాస్త మెత్తబడతాడు. పెట్టె గ్యాస్ వదులుతుంది, నిప్పురవ్వ కొడుతుంది. మంట వచ్చిందని మాత్రం ఊరికే నమ్మదు. మంటలో ఒక సన్నటి కడ్డీ నిలబడి ఉంటుంది. దానిలోంచి పిసరంత కరెంటు మంట గుండా దాటి, ఎర్త్ తీగ మీదుగా పెట్టెకు తిరిగి చేరాలి. చేరితేనే మంట ఉన్నట్టు. చేరకపోతే కొన్ని క్షణాల్లో గ్యాస్ కట్టేసి కూర్చుంటుంది.

"నీలాంటిదే అన్నమాట," అన్నాను. నవ్వలేదు.

తీగలు ఐదు. అందులో ఆకుపచ్చది ఎర్త్. పసుపుది వాడకుండా మిగిలిపోయేది, కొసకు టేపు చుట్టి పక్కన పెట్టాలి. ఈ రంగుల సంగతి నాకు తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం బావ ఆ కట్టను నా ముందు పట్టుకుని, "నీకు రంగులు బాగా తెలుసంటావుగా. ఇందులో పచ్చది ఏదో చెప్పు చూద్దాం," అన్నాడు.

మనుషులకు ఇలా పరీక్షలు పెట్టడం ఆయనకు అలవాటే. ఇరవై ఏళ్ళుగా దారాలతో బతుకుతున్నదాన్ని, నాకు రంగుల పరీక్షా అని మండుకొచ్చింది. ఒక తీగ పట్టి చేతిలో పెట్టి, విసురుగా మిషను దగ్గరికి వచ్చేశాను.

పన్నెండింటికి మొదటిసారి వెలిగించాడు. టకటక నిప్పురవ్వ, బుస్సుమని మంట. అందరం అమ్మయ్య అనుకున్నాం. ఐదారు క్షణాల్లో ఆరిపోయింది. పెట్టె తనంతట తనే మూడుసార్లు వెలిగించి చూసి, ఎర్రదీపం మిణుకుమనిపిస్తూ మొండికేసింది. ఎన్నిసార్లు మొదలుపెట్టినా అదే వరస.

బావ కడ్డీ తీసి తుడిచాడు. గ్యాస్ ఒత్తిడి చూశాడు. పాత పెట్టెను కొత్తదని అంటగట్టారేమోనని అట్టపెట్టె కూడా తిరగేసి చూశాడు. రెండు దాటింది. అప్పుడు నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి అడిగాడు.

"నిన్న ఈల నీకు ఫోన్ చేశాడా?"

"ఎందుకు చేస్తాడు?"

"నేను చేతులు కడుక్కోవడానికి వెళ్ళినప్పుడు అర దగ్గర నువ్వే ఉన్నావు."

 ఈయన జ్వరంతో పడుంటే అక్కతో పాటు ఆసుపత్రిలో కూర్చున్నదాన్ని. నన్నా? ఇక్కణ్ణుంచి లేచి వెళ్ళిపొమ్మందామనుకున్నాను. నలుగురి ముందు అనలేక మిషను తొక్కుతూ కూర్చున్నాను. కుట్టు వంకర పోయింది.

"అక్కా, పచ్చ దారం ఇటివ్వు," అంది పక్క మిషను అమ్మాయి.

చేతికందిన ఉండ విసిరాను. అది కాదక్కా, ఆకు రంగుది అని తిప్పి విసిరింది. మా ఇద్దరికీ నెలకోసారైనా వచ్చే తగువే ఇది. పసుపు దారం ఉండ నా ఒళ్ళో పడింది. దాన్నే చూస్తూ ఉండిపోయాను. బావ పచ్చ అడిగితే నేనిచ్చింది ఈ రంగు తీగే.

తప్పు నాదేనని ముందు అనుకున్నాను. ఆ వెనకే ఇంకో సంగతి తట్టింది. పాల ప్యాకెట్ తేదీని నమ్మని మనిషి, నేను చేతిలో పెట్టిన తీగను తిప్పి చూడకుండా ఎలా బిగించాడు? టీ కప్పు కోసం గాలిలో తడుముకున్న చెయ్యి గుర్తొచ్చింది. ఈ మధ్య కరెంటు బిల్లు కూడా తననే చదవమంటున్నాడని, తప్పు చదువుతానేమోనని పరీక్ష పెడుతున్నాడని అక్క విసుక్కోవడం గుర్తొచ్చింది. ఏడాదిగా ఆయన మమ్మల్ని పరీక్షిస్తున్నాడనుకున్నాం. ఆయనకు కనిపించక అడుగుతున్నాడు.

రెండు దారం ఉండలు తీసుకుని అర దగ్గరికి వెళ్ళాను. రేకు తలుపు దగ్గరగా వేసి, రెండూ ఆయన ముందు పట్టుకున్నాను. 

"వీటిలో ఆకుపచ్చది ఏది బావా?"

"ఇదేం ఆట? నాకు పనుంది."

"చెప్పు."

ఆయన ఉండల వైపు కాకుండా నా మొహం వైపు చూశాడు. "నీకు కూడా నా మీద అనుమానమేనా?"

"అవును బావా."

ఆయన ఒక ఉండ అందుకున్నాడు. వేళ్ళతో నలిపాడు, కళ్ళకు దగ్గరగా తెచ్చుకున్నాడు, దూరం పెట్టి చూశాడు. చివరికి రెండూ నా చేతిలో పెట్టేసి పనిపెట్టె మీద కూలబడ్డాడు. కిందటి చలికాలం నుంచి పొగలోంచి చూస్తున్నట్టుగా ఉందని, ఈ రంగులు రెండూ ఒకటేలా ఉంటున్నాయని నేలకేసి చూస్తూ చెప్పాడు. డాక్టరు దగ్గరికి వెళ్తే కంపెనీకి తెలిసిపోతుందని వెళ్ళలేదట. నాకు జాలీ కోపమూ ఒక్కసారే ముంచుకొచ్చాయి. ఇంతసేపు నన్ను దొంగను చేసిన మనిషిని తిట్టాలనుకున్నాను, తిట్టకుండా టార్చి అందుకున్నాను.

కరెంటు కట్టేసి, టార్చి పట్టుకుని నేను రంగు చెబుతుంటే ఆయన తీగ మార్చాడు. పసుపుదానికి టేపు చుట్టాడు, ఆకుపచ్చదాన్ని ఎర్త్ మరకు బిగించాడు. వెలిగిస్తే మంట నిలిచింది. నిలిచినా ఆయన నమ్మలేదు. మండుతుండగానే గ్యాస్ కట్టేసి, పెట్టె దాన్ని పసిగట్టిందో లేదో చూశాడు. సబ్బునురగ రాసి గొట్టాలు లీకవుతున్నాయేమో నన్ను చూడమన్నాడు. ఎక్కడా బుడగ లేదు.

నాలుగింటికి వచ్చిన తనిఖీ మేడమ్ అన్నీ రెండేసి సార్లు చూసింది. శుభ్రంగా ఉంది మేస్త్రీ గారూ అని కాగితం మీద సంతకం పెట్టింది. గండం గడిచింది. నోరు విప్పొద్దని నేను బావకు కళ్ళతో సైగ చేశాను. ఆయనకు నా సైగ ఏం కనిపిస్తుంది?

"మేడమ్, ఆ రెండిళ్ళలోనూ నేను ఎర్త్ తప్పు కలిపి ఉంటాను," అన్నాడు. "ఎవరైనా హీటరు రేకు ముట్టుకుంటే షాక్ కొట్టొచ్చు. నాకు రంగులు కనిపించడం లేదు. ఈల చేత వెంటనే చూపించండి."

ఆవిడ పెన్ను మూత పెట్టబోతూ ఆగింది.  ఒక్క మాట మింగేస్తే పని నిలబడేది. ఆవిడ ఈలకు ఫోన్ కలిపి, అందరికీ వినపడేలా పెట్టి, మీరే చెప్పండని బావ చేతికిచ్చింది.

బావ తడబడుతూ చెప్పాడు. ఆకుపచ్చ తీగ అన్నాడు, పచ్చ అనలేదు. అవతల ఈల ఆగింది. అవి తను ఎప్పుడో సరిచేసేశానన్నాడు. ఫిర్యాదు వచ్చిన రోజే వెళ్ళి తీగలు మార్చి, కాగితం మీద మాత్రం మర వదులైందని రాశానన్నాడు. అలా రాసినందుకు మేడమ్ ముందు తిట్లు పడతాయని తెలిసి కూడా ఒప్పుకున్నాడు.

"నాకెందుకు చెప్పలేదురా?" అన్నాడు బావ.

"చెబితే నమ్మేవాడివా అన్నా?"

బావ ఫోన్‌ను నోటికి దగ్గరగా తెచ్చుకున్నాడు. హీటరు వేడిగాలి హాలంతా పరుచుకుంటోంది. మిషన్లన్నీ ఆగి ఉన్నాయి.

"నమ్మేవాణ్ణి కాదు," అన్నాడు.

శుక్లాలే అయ్యుంటాయి, కంటి ఆపరేషను అయ్యేదాకా స్టోరులో పని, తర్వాత సంగతి తర్వాత చూద్దామని మేడమ్ చెప్పి వెళ్ళింది. బావ పనిముట్లు తడుముకుంటూ సర్దాడు. తాళాలు రెండూ వేశాడు, మూడేసి సార్లు లాగి చూశాడు. మొలతాడుకున్న చెవులు విప్పి నా చేతిలో పెట్టి, రేపు ఈల వస్తే పెట్టె ఇచ్చెయ్యమన్నాడు. అందులో ఎర్ర పిడి స్క్రూడ్రైవరు ఉందని, అది వాడికి బాగా పనికొస్తుందని చెప్పాడు. గుమ్మం దాకా వెళ్ళి మళ్ళీ వెనక్కి వచ్చాడు.

"వాడు సంతకం పెట్టాకే ఇవ్వు," అన్నాడు.