కిరాయి అన్న మాట

తెల్లవారుజాము నుంచి ముసురు. బాలానగర్‌లో మా వర్క్‌షాపు రేకుల మీద వాన పడుతుంటే లేతు మిషను చప్పుడు కూడా సరిగ్గా వినబడడం లేదు. పంపు షాఫ్టు ఒకటి చెక్కుతున్నాను. పది దాటాక ఇంటి నుంచి నా భార్య ఫోన్ చేసింది. "ఓనరు పోయిండు. జల్ది రా" అంది. సగం చెక్కిన షాఫ్టును మిషను మీదే వదిలి, చేతుల నూనె తుడుచుకుని బస్సెక్కాను. పొద్దున చాయ్ తాగి మంచం మీద వాలిన మనిషి మళ్లీ లేవలేదట.

కొత్తగూడలో ఆయన ఇంటి మూడో అంతస్తులో పదకొండేళ్లుగా అద్దెకు ఉంటున్నాం. ఊరందరికీ ఆయన ఎమ్మెల్యే, ప్రతిపక్షం మనిషి. మాకు ఓనరు. మర్నాడు పేపర్లో ఆయన ఫొటో కింద ఒక వాక్యం వేశారు. కొత్త ప్రభుత్వం ఏర్పడిన తీరు మీద తానన్న మాటను ఆయన మర్నాడే వెనక్కి తీసుకున్నాడని. అది సగం నిజం. మిగతా సగం నాకు తెలుసు కనక రాస్తున్నాను.

ఆయన మెత్తని ఓనరేమీ కాదు. నీళ్ల మోటరు స్విచ్చు ఎవరినీ తాకనిచ్చేవాడు కాదు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఆరింటికి ఒకసారి తానే వేసి, ట్యాంకు నిండేదాకా మెట్ల మీద కూర్చుని, తానే ఆపేవాడు. పైన ఎవరైనా కుళాయి వదిలేస్తే "నీళ్లేమన్న మీ మేనమామ పంపిస్తుండా?" అని కింద నుంచే అరిచేవాడు. గోడకు మొల కొట్టాలంటే ఆయన్ని పైకి పిలిచి, జాగా చూపించి, సరే అన్నాకే సుత్తి ఎత్తాలి.

కొత్త ప్రభుత్వం ఏర్పడినప్పుడు ఆయన పార్టీ గుర్తు మీద గెలిచినవాళ్లు కొందరు అవతలి వైపుకు పోయి కూర్చున్నారు. ఆ బలంతోనే ప్రభుత్వం నిలబడింది. ఈయన్నీ రమ్మని ఒక మనిషిని పంపారు. ఆ మనిషికి చాయ్ ఇప్పించి, "నాకు ఓటేసినోళ్లు ఈ గల్లీలనే తిరుగుతరు. రేపు వాళ్లకు మొఖమెట్ల చూపియ్యాలె?" అని సాగనంపాడు. తర్వాత సభలో లేచి అన్నాడు: "ఇది జనం తెచ్చుకున్న సర్కారు గాదు, అధ్యక్షా. కిరాయి సర్కారు."

సభ ఆగిపోయింది. మాట వెనక్కి తీసుకోకపోతే సమావేశాలు ముగిసేదాకా బయటే ఉండాలన్నారు. ఆ సాయంత్రం నేను పని నుంచి వచ్చేసరికి ఆయన హుషారుగా మెట్ల మీద ఉన్నాడు. మోటరు నడుస్తోంది.

"టీవీల చూసినవా తమ్మీ?"

"చూసిన. అంత మంచిగున్నది గని, కిరాయి అన్న మాట నాకు నచ్చలేదన్నా."

"ఏంది? నువ్వు గూడ వాళ్లల్ల కలిసినవా?"

"ఇన్నేండ్ల సంది కిరాయికున్న. మొల కొట్టాలన్న నిన్నడిగే కొడుతున్న. ఖాళీ చెయ్యమంటె చేస్త. వాళ్లను తిట్టెతందుకు మా పేరెందుకు?"

లోపల నుంచి ఓనరమ్మ నవ్వింది. "గట్లడుగు తమ్మీ. అసెంబ్లీల ఒక్కడన్న అడగలే ఈ ముచ్చట."

ఆయన చెప్పులవైపు చూస్తూ కూర్చున్నాడు. కాసేపటికి పైన ట్యాంకు నిండి నీళ్లు గోడ వెంట కారి ఆ చెప్పుల దాకా వచ్చాయి. ఆ ఇంట్లో ట్యాంకు పొంగడం నేను చూసింది ఆ ఒక్కసారే.

మర్నాడు సభలో "నిన్నటి మాట వాపస్ తీసుకుంటున్న" అన్నాడు. అవతలివాళ్లు బల్లలు చరిచారు. ఆయన ఆగలేదు. మైకు కట్ చేస్తే గొంతెత్తి చెప్పాడు. మార్షల్స్ వచ్చి ఎత్తుకుపోయారు. మొదటి ముక్క రికార్డులో ఉంచి తక్కినదంతా తీసేశారు. టీవీలోనూ రాలేదు.

సాయంత్రం జేబు చిరిగిన చొక్కాతోనే వచ్చి, అన్ని అంతస్తుల వాళ్లనూ కిందికి పిలిచాడు. మెట్ల మీద నిలబడి, సభలో వాళ్లతో చెప్పింది మళ్లీ మాకు చెప్పాడు.

"కిరాయికుండెటోళ్లు అడిగి వస్తరు, చెప్పి పోతరు. గోడకు మొల కొట్టాలన్న అడుగుతరు. మీరు జనం ఇంటి తాళం పలగ్గొట్టి జొచ్చిన్రు. మిమ్మల్ని కిరాయోళ్లంటె వాళ్లకు బేఇజ్జతి. అందుకే మాట వాపస్. నేను మాఫీ అడిగేది కిరాయికుండెటోళ్లను. మిమ్మల్ని గాదు."

రెండో అంతస్తులో ఉండి మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే కడప అమ్మాయి, "మైకు లేకపోయినా బాగా ఇనపడింది సార్" అంది. అందరం నవ్వాం. ఆయన నవ్వలేదు. "నిన్న ట్యాంకు పొంగింది. గందుకని మీరు గూడ పారబోస్తమంటే నడవది" అని లోపలికి పోయాడు.

సమావేశాలు ముగిసేదాకా ఆయన్ని సభలోకి రానివ్వలేదు. వాపస్ అని ఊరుకుంటే పోయేదిగదా అని సొంత పార్టీవాళ్లే గొణిగారు. చాయ్ హోటల్లో ఎవరైనా "ఏందే, దిగొచ్చినవట?" అని గుచ్చితే ఒకటే అనేవాడు. "సగం రికార్డుల ఉన్నది. సగం మా మూడో అంతస్తుల ఉన్నది. పోయి అడుగు." అడగడానికి ఎవరూ మా మెట్లెక్కలేదు.

అంత్యక్రియల రోజూ ముసురే. అప్పుడు అవతలికి పోయినవాళ్లలో ఒకాయన, ఇప్పుడు మంత్రి, దండ పట్టుకుని వచ్చాడు. గేటు దగ్గర టీవీల వాళ్లతో, "పెద్ద మనసున్న మనిషి. తప్పు తెలుసుకోని మాట వాపస్ తీసుకున్నడు" అన్నాడు. నేను టెంటు తాడు కడుతున్నాను. తాడు వదిలి వెళ్లాను.

"మాఫీ మమ్మల్నడిగిండు సార్. మిమ్మల్ని గాదు."

"నువ్వెవరు?"

"కిరాయికుంట. మూడో అంతస్తు."

ఆయన వెంట వచ్చినవాళ్లు నా రెక్క పట్టుకుని పక్కకు లాగారు. ఓనరమ్మ గడప దాటి వచ్చింది. "ఇడువున్రి. మా ఇంటోడు" అంది. నావైపు తిరిగి, "మిగిలింది గూడ చెప్పు తమ్మీ. ఇయ్యాల మైకులున్నయి" అంది.

చెప్పాను. తాళం సంగతి, మొల సంగతి, ఏదీ వదల్లేదు.

మంత్రి పదకొండుంపావుకు వెళ్లిపోయాడు. పన్నెండింటికి పాడె లేచింది. కడప అమ్మాయి రెండింటికి షిఫ్టుకు పోయింది. టెంటువాళ్లు అయిదింటికి సామాను ఎత్తుకుపోయారు. ఆరింటికి ఓనరమ్మను అడిగి మోటరు వేశాను. ట్యాంకు నిండాక ఆపి, ఆరూ నలభైకి పైకి వెళ్లాను.