ఒళ్లో పెట్టె

విజయనగరం నుంచి వస్తుంటే, బస్సులో నా పక్కనామె ఒళ్లో కొత్త గ్రాఫిక్స్ కార్డు పెట్టె ఉంది. నా ఒళ్లో ఏడుస్తున్న పాప.

“ఇంటి డిజైన్లకా అక్కా?” అన్నాను.

“ఏటి, నీకూ తెలుసా? పాత కార్డుకి మెమరీ సాల్లేదు. తెర మీద గది తిప్పి సూస్తే సాలు, బొమ్మ ఆగిపోతన్నాది. ఇది పొడుగు కార్డు. కంప్యూటర్ డబ్బాలో పడతాదో లేదో కొలుసుకుని మరీ కొన్నాను.”

పాప పుట్టకముందు నేనూ ఆ పనే చేసేదాన్ని. మళ్లీ చేస్తానో లేదో తెలియదు. ఆమెను చూస్తే కడుపు మండింది.

“పాపనిలా తే, నువ్విది పట్టుకో,” అందామె. ఆమె భుజం మీద పాప ఇట్టే నిద్రపోయింది. దానికీ కుళ్లుకున్నాను.

చిలకపాలెంలో దిగుతూ పాపను నాకందించి, “నా పెట్టె ఇయ్యవే సెల్లీ,” అని రెండుసార్లు అడిగితే గానీ నేను వదల్లేదు.

మర్నాడు పాప పడుకోగానే టేపు తీసి, నా పాత కంప్యూటర్ డబ్బాలో చోటెంతుందో కొలిచాను.