తలకిందులుగా చెప్పిన ఇటలీ అక్క కథ

ఆమె పేరు మాకెవరికీ సరిగ్గా నోరు తిరిగేది కాదు. అందుకని ఇటలీ అక్క అనుకునేవాళ్లం. వాళ్ల దేశపు టీవీలో ఆటపాటల కార్యక్రమాలు నడిపే మనిషి. సినిమాల్లో కూడా వేషాలు వేసింది. మేం ఆమెను చూసింది మాత్రం ఒమాన్‌లో, రైసూత్ క్యాంపు రేకుల హాల్లో, శుక్రవారం మధ్యాహ్నం అన్నాలయ్యాక. ఎనభైల చివరి సంవత్సరాల మాట ఇది.

మా కంపెనీ ఇటలీ వాళ్లది. ఓడరేవు దగ్గర గోదాములు కట్టేది. ఇంజనీర్లు వాళ్లు, పనివాళ్లం మేం. నేను స్టోరులో ఉండేవాణ్ని. మేకులు, ప్లైవుడ్ షీట్లు, చేతి తొడుగులు అడిగినవాళ్లకి అడిగినంత ఇచ్చి సంతకం పెట్టించుకోవడం నా డ్యూటీ. పదో తరగతి తప్పినవాణ్నే గాని చదువు మానలేదు. గురువారం మధ్యాహ్నం డ్యూటీ దిగగానే కంపెనీ బస్సు సలాలా టౌనుకి వెళ్లేది. అందరూ బజారుకి పోతే నేను అక్కడున్న చిన్న లైబ్రరీకి పోయేవాణ్ని. రెండు గదులు, ఒక ఫ్యాను. భూగోళం నుంచి తేనెటీగల పెంపకం దాకా దొరికిందల్లా చదివాను. ఇంగ్లీషు నాకు బడిలో వచ్చింది కాదు, ఆ ఫ్యాను కింద వచ్చింది. క్యాంపులో ఉత్తరాలు, అర్జీలు అన్నీ నా చేతి మీదే వెళ్లేవి. అందుకే నన్ను పంతులూ అని పిలిచేవాళ్లు. సగం ఎగతాళే, కానీ ఆ మిగతా సగం నాకు చాలా ఇష్టంగా ఉండేది.

హాల్లో ఒక టీవీ, ఒక వీసీఆర్ ఉండేవి. ఉన్న నాలుగు హిందీ సినిమాలూ తెరమీది వాళ్లకంటే ముందు మేమే డైలాగులు చెప్పేంతగా చూసేశాం. ఆ సమయంలో కొత్తగా వచ్చిన ఇంజనీరు ఒకాయన, ఇటలీ నుంచి వెంట తెచ్చుకున్న క్యాసెట్లు చూడడం అయిపోయి మా హాలుకి ఇచ్చేశాడు. ఇంకో రెండు నెలలకి, ఆరేళ్లుగా ఉన్న ఇంజనీరు ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోతూ ఒక అట్టపెట్టె నిండా క్యాసెట్లు పంపాడు. వాటిమీద కాగితాలు చిరిగిపోయి ఉన్నాయి. నేను స్టోరు మనిషిని. సరుకు వచ్చిన వరుసలో నంబరు వేయడం నాకు అలవాటు. అలాగే, పైనున్నది ముందు తీస్తూ, ఒకటి నుంచి పద్నాలుగు దాకా స్కెచ్ పెన్నుతో నంబర్లు వేశాను. మేం చూసింది ఆ వరుసలోనే.

ఒకటో క్యాసెట్లో సినిమా. ఇటలీ అక్క అందులో చేపలమ్ముకునే తల్లి. ముఖాన రంగు లేదు, తలకో గుడ్డ. ఒక్క ముక్క అర్థం కాకపోయినా, పోలీసులు వచ్చి మొగుణ్ని తీసుకుపోయే చోట మావాళ్లంతా బెంచీల మీద ముందుకి జరిగారు. తర్వాతి క్యాసెట్లలో ఆమె శనివారపు కార్యక్రమం. జిగేలుమనే గౌనులో మెట్లు దిగుతూ "బోనసేరా" అని పలకరించేది, జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టేవాళ్లు. మావాళ్లు కూడా బెంచీల మీంచి "బోనసేరా అక్కా!" అని జవాబు చెప్పేవాళ్లు. తర్వాత అట్టపెట్టెలోవి మొదలయ్యాయి. వాటిలో ఒక బట్టతలాయన ప్రశ్నలడుగుతుంటే ఆమె పక్కన నిలబడి కవర్లు అందించేది. నవ్వడమే తప్ప మాట లేదు. పన్నెండో క్యాసెట్ దాటాక ఆ పని కూడా పోయింది. ఈకల టోపీ పెట్టుకుని వెనక వరుసలో పదిమందితో కలిసి గంతులేసేది.

"ఏంది పంతులూ, గిప్పుడు గీమె గుంపులో వడ్డదేంది?" అని అడిగారు మావాళ్లు.

నేను ఆలోచించి చెప్పాను. మన దగ్గర సినిమాలో వేషాలు తగ్గితేనే కదా టీవీకి వస్తారు. ఈమెదీ అదే కథ. ముందు సినిమా తార. అవకాశాలు తగ్గి టీవీకి వచ్చింది. అక్కడ కొన్నాళ్లు రాణిలా వెలిగింది. తర్వాత ఎవరికో కన్నుకుట్టి కవర్లు అందించే పనికి దించారు. చివరికి వెనక వరుసలోకి నెట్టేశారు. సినిమావాళ్ల జీవితాల గురించి లైబ్రరీలో చదివిన పుస్తకాల్లో సగం ఇలాంటివే. వెలుగు, ఆ తర్వాత చీకటి. నేను కూడా అలాగే, ఎక్కడ ఆపాలో అక్కడ ఆపి, గొంతు తగ్గించి చెప్పాను.

క్యాంపు క్లినిక్‌లో నర్సుగా పనిచేసే గుంటూరాయన ఒకడే అనుమానపడ్డాడు. "అంతా బానే ఉంది గానీ పంతులుగారూ, పోనుపోను ఆవిడకి వయసు తగ్గుతోందేంటండీ? ఆ మందేదో చెబితే మా క్లినిక్‌కి తెప్పిస్తాను."

"మేకప్పు," అన్నాను. "దాని మీద పుస్తకమే ఉంది."

"దిగులుతోని చిక్కింది, పాపం," అన్నాడు మా రూములో ఉండే షట్టరింగ్ మేస్త్రీ. ఆ మాటతో చర్చ ముగిసింది.

మేస్త్రీ జగిత్యాల దిక్కు మనిషి. కాంక్రీటు పోయడానికి పలకలతో అచ్చు కట్టే పనిలో అతని చెయ్యి చూసి పాత ఇంజనీరు పన్నెండు మందిని అతని కింద పెట్టాడు. పాత ఇంజనీరు వేలితో చూపించి, కర్రతో నేలమీద గీసి చెప్పేవాడు. కొత్తాయన అలా కాదు. డ్రాయింగ్ చేతికిచ్చి వెళ్లిపోయేవాడు. మేస్త్రీకి డ్రాయింగ్ చదవడం రాదు. రెండు వారాలు ఎలాగో నెట్టుకొచ్చాడు. మూడో వారం ఒక గోడ అచ్చు జానెడు పక్కకి వచ్చింది. గ్యాంగును ఇంకొకరికి ఇచ్చి, మేస్త్రీని పాత పలకల్లోంచి మేకులు పీకే పనికి వేశారు. ఆ పీకిన మేకుల డబ్బా రోజూ సాయంత్రం నా స్టోరులో అప్పజెప్పేవాడు. నా ముఖం వైపు చూసేవాడు కాదు.

వెనక వరుస డాన్సు చూసిన శుక్రవారం తర్వాత అతను ఇంకా డీలాపడ్డాడు. బుధవారం సాయంత్రం నా మంచం దగ్గరికొచ్చి కూర్చున్నాడు.

"కాయిదం రాయి పంతులూ. వీసా క్యాన్సిల్ కొట్టించుకొని ఇంటికి పోత."

"ఇంకా ఏడాదిన్నర ఉంది గదనే. మధ్యల పోతే మళ్లా ఈ దేశం రానిస్తరో లేదో."

"రాకుంటే రాకపాయె. గంతమంది లేసి సప్పట్లు గొట్టిన ఆడామెనే ఎనక్కి నూకిండ్రు. కిందికి వడ్డోడు మళ్ల మీదికి రాడు. నువ్వే జెప్పినవ్ గద."

నేనే చెప్పాను. చెప్పినందుకు లోపల కొంచెం గర్వం కూడా కలిగింది, నా మాటకి ఇంత విలువ ఉందా అని. అతని రాజీనామాను నాకు తెలిసిన గొప్ప ఇంగ్లీషు మాటలన్నీ పెట్టి రాశాను. మేస్త్రీ దాన్ని మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. శనివారం ఉదయం ఆఫీసులో ఇస్తానన్నాడు.

మర్నాడు గురువారం. ఎప్పటిలాగే లైబ్రరీకి వెళ్లాను. ఇటలీ కుటుంబం ఏదో ఇచ్చిపోయిన పాత వారపత్రికలు ఒక మూల కట్టగా ఉన్నాయి. పైనున్న దాని అట్టమీద ఇటలీ అక్క నవ్వుతోంది! నాకు బంధువు కనబడినంత సంతోషం వేసింది. లోపల ఆమె మీద నాలుగు పేజీల వ్యాసం ఉంది, బొమ్మలతో సహా. బీరువాలోంచి ఇటలీ భాష నిఘంటువు తీయించుకుని మాట మాటా వెతుక్కుంటూ కూర్చున్నాను. మావాళ్లకి ఇంకా వివరంగా చెబుదామన్నదే నా ఆశ.

మొదటి పేజీలోనే నా కథ తిరగబడింది. ఈకల టోపీ బొమ్మ అక్కడే ఉంది. అది చివర కాదు, మొదలు. కొండల్లోని చిన్న ఊళ్లో రొట్టెలు కాల్చేవాడి కూతురు. డాన్సు నేర్చుకుని పట్నం వచ్చి వెనక వరుసలో చేరింది. అక్కడి నుంచి కవర్లు అందించే పని. బట్టతలాయన పక్కన ఏళ్ల తరబడి మాట్లాడకుండా నిలబడింది. ఒకరోజు ఆయనకి గొంతు పోయి మాట రాకపోతే, అప్పటికప్పుడు ఆమె చేత కార్యక్రమం నడిపించారు. తర్వాతే ఆ మెట్లు, ఆ గౌను, ఆ చప్పట్లు. టీవీ పిల్లకి నటన ఏం వస్తుందని సినిమావాళ్లు నవ్వారట. చేపలమ్మే తల్లి వేషం అందరికంటే చివరిది. ఆమెకి అన్నిటికంటే పేరు తెచ్చింది కూడా అదే.

నా నంబర్లు తప్పు. కొత్త ఇంజనీరు కొత్త క్యాసెట్లు తెచ్చాడు, ఆరేళ్ల ఇంజనీరు పాతవి పంపాడు. ఇద్దరివాటిలోనూ పైనున్నవే ఆఖరివి. ఆ సంగతి వయసు చూసి గుంటూరాయన పట్టుకున్నాడు. ఇన్ని పుస్తకాలు చదివిన నేను పట్టుకోలేదు.

తిరుగు బస్సులో ఒక ఆలోచన వచ్చింది. మీ దగ్గర దాచడమెందుకు, చెబుతాను. చెప్పకుండా ఊరుకుంటే ఎవరికి తెలుస్తుంది? క్యాంపులో ఇటలీ పత్రిక చదివేవాడు నేను తప్ప ఎవడూ లేడు. చెబితే పంతులన్న పేరు పోతుంది. రేపు నేను రాసిన ఉత్తరాన్ని కూడా అనుమానంగా చూస్తారు. బస్సు క్యాంపు గేటు దగ్గరికి వచ్చేదాకా ఇదే. గేటు దగ్గర మేస్త్రీ నిలబడి ఉన్నాడు, బజారు నుంచి పెట్టెకి కట్టే తాడు తెమ్మని ఎవరికో చెప్పాడట. ఆ తాడు చూశాక ఇంక నోరు మూసుకుని ఉండడం నావల్ల కాలేదు.

శుక్రవారం హాలు నిండాక లేచి నిలబడ్డాను. "ఇటలీ అక్క కథ నేను తప్పు జెప్పిన," అన్నాను. నిజమైన వరుస చెప్పాను. ముందు నవ్వింది గుంటూరాయనే.

"అంటే ఆ మందు లేనట్టేనా పంతులుగారూ? నేను ఆర్డరు రాసేశానే!"

ఆ నవ్వు హాలంతా పాకింది. "దిగులుతోని చిక్కిందంట!" "మేకప్పు మీద పుస్తకమున్నదంట!" ఒకడు నా నడకను అనుకరించాడు. ఇంకొకడు లేని కళ్లద్దాలు సవరించుకుని పుస్తకం తిప్పినట్టు నటించాడు. మేస్త్రీ మాత్రం నవ్వలేదు. లేచి నా ముందుకొచ్చాడు.

"గదేంది పంతులూ? నీ మాట నమ్మి నేను పెట్టె గట్టుకున్న గద!"

"తప్పయింది అన్నా. ఆమె పడలే. ఎక్కింది."

అతను నన్ను తిడతాడనుకున్నాను. కొంచెం తిట్టాడు కూడా. తర్వాత టీవీ వైపు తిరిగి, "అట్లయితే మొదటి నుంచి ఎయ్యి," అన్నాడు. "సక్కగ."

పద్నాలుగో నంబరు నుంచి వెనక్కి వేశాం. డాన్సు క్యాసెట్ పెట్టినప్పుడు అందరూ ఈలలేశారు. కవర్ల క్యాసెట్ దగ్గర మేస్త్రీ బెంచీ మీంచి దిగి తెరకి మూరెడు దూరంలో నేలమీద కూర్చున్నాడు. కాసేపటికి చెయ్యెత్తి, "ఆపు," అన్నాడు. "ఎనక్కి తిప్పు. ఆమె నోరు సూడున్రి."

చూశాం. బట్టతలాయన మాట్లాడుతున్నంతసేపూ ఆమె పెదవులు సన్నగా కదులుతున్నాయి. ఆయన ఏం చెప్పబోతాడో ఆమె లోపల అనుకుంటోంది. ఆ క్యాసెట్ని మేం ఎన్నిసార్లు చూశామో! ఎవరికీ కనబడలేదు. మేకులు పీకే చోట పక్కన నిలబడి ఇతరుల పని చూసిన మనిషికి కనబడింది.

"కవర్లు ఇచ్చుకుంట నేర్సుకున్నది," అన్నాడు మేస్త్రీ. జేబులోంచి నా రాజీనామా తీసి నా చేతిలో పెట్టాడు. "మస్తు రాసినవ్ గని, ఇది నాకొద్దు. గా డ్రాయింగుల పుస్తకం ఉంటదా మీ లైబ్రరీల?"

ఉంది. నేను దాన్ని ఎప్పుడూ ముట్టుకోలేదు, బొమ్మలెక్కువ అక్షరాలు తక్కువ అని. మరుసటి గురువారం తెచ్చాను. సాయంత్రాలు మా మంచం మీద పరిచి కూర్చునేవాళ్లం. నేను ఇంగ్లీషు చదివి చెప్పేవాణ్ని, అది ఏ గీతో నాకు అంతుపట్టేది కాదు. అతను, "ఓ గిదా, గిది గోడ మీదికెల్లి చూసినట్టు," అని చటుక్కున పట్టుకునేవాడు. రెండు నెలలు దాటాక మా ఇద్దరిలో ఎవరు ఎవరికి చెబుతున్నారో నాకే తెలిసేది కాదు.

పగలు మేకులు పీకుతూనే ఉన్నాడు. పీకుతూ, కొత్త గ్యాంగు పట్టుకొచ్చిన డ్రాయింగుల మీదికి తొంగిచూసేవాడు. ఒకరోజు అచ్చు తప్పు వస్తోందని వాళ్లకి ముందే చెప్పాడు. వాళ్లు కసురుకున్నారు, ఇంజనీరు మాత్రం విన్నాడు. చిన్న గోడ ఒకటి, నలుగురు మనుషులు ఇచ్చి చూశాడు. తర్వాత ఎనిమిది మంది. పన్నెండు మంది మళ్లీ ఎప్పటికీ కాలేదు, అతను కూడా అడగలేదు.

గ్యాంగు మళ్లీ చేతికి వచ్చిన మొదటి వారం, మేస్త్రీ డ్రాయింగును చుట్టగా చుట్టి చంకలో పెట్టుకుని స్టోరుకి వచ్చాడు. ఇప్పుడు నా ముఖంలోకి సూటిగా చూస్తున్నాడు.

"పదకొండు షీట్లు పంపినవేంది పంతులూ? పన్నెండు గద కావాలె."

"ఆఫీసు చీటీల పదకొండే ఉందన్నా."

"చీటీ రాసినోని సంగతి నాకెందుకు?" డ్రాయింగును నా బల్లమీద పరిచి, షీటుకొకటిగా గీసిన గడీల మీద పెన్సిలుతో చుక్క పెట్టుకుంటూ పోయాడు. నేను వంగి చూశాను. పన్నెండే.